పదమూడేళ్ల అమ్మాయి పది కిలోలు తగ్గాలా?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ఇవి. అమ్మాయికి ఈ మధ్యే 13 నిండాయి. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. నెలసరి మొదలై నాలుగు నెలలైంది. ఏడాదిలో 7 కిలోలు పెరిగింది. తోటిపిల్లలు లావు అన్నారని రెండు వారాలుగా రాత్రి భోజనం మానేసింది, పది కిలోలు తగ్గేదాకా తిననని పట్టుబట్టింది. ఈ వయసుకి ఎంత బరువుండాలి, ఏ డైట్ పెట్టాలి, థైరాయిడ్ టెస్ట్ చేయించాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ అమ్మాయి పది కిలోలు తగ్గాల్సిన పని లేదు. ఒక్క కిలో కూడా తగ్గాల్సిన పని లేదు. బరువు పెరిగే వేగం కాస్త నెమ్మదిస్తే చాలు, మిగతాది ఎత్తు చూసుకుంటుంది. డైట్ అని పేరున్నదేదీ పెట్టకండి. మీరు రాసినవన్నీ చదివాక నాకు టెన్షన్ అనిపించిన విషయం ఒక్కటే, ఆ మానేసిన రాత్రి భోజనం.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే గందరగోళం అంతా అక్కడే మొదలవుతుంది. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మీ పాపకి అది 23.4. ఎక్కడ వెతికినా 18.5 నుంచి 25 లోపు ఉంటే మామూలే అని కనిపిస్తుంది. అది పెద్దవాళ్ల లెక్క, పిల్లలకి పనికిరాదు. ఎదిగే వయసులో బీఎంఐ ఏటా మారుతుంది, ఆడపిల్లలకి ఒకలా, మగపిల్లలకి ఒకలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం 2007లో ఇచ్చిన చార్టుల్లో 13 నిండిన అమ్మాయికి మధ్య విలువ 18.8. 21.8 దాటితే అధిక బరువు, 26.2 దాటితే ఊబకాయం, 14.9 కంటే తగ్గితే మరీ సన్నం. మీ పాప ఎత్తుకి దీన్ని కిలోల్లోకి మారిస్తే సుమారు 34 నుంచి 50 వరకు మామూలు పరిధి. చూశారుగా, ఎంత వెడల్పుగా ఉందో. ఈ వయసుకి ఇంతే బరువుండాలి అని ఒక్క అంకె చెప్పేవాళ్లని నమ్మకండి.

పాప 54 దగ్గర ఉంది కాబట్టి అధిక బరువు గీత దాటిన మాట నిజమే. దాన్ని దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. అలాంటప్పుడు నాలుగు కిలోలైనా తగ్గాలి కదా అంటారు. అక్కడే ఆగండి. ఈ గీత కదులుతూ ఉంటుంది, పాప ఎత్తు కూడా కదులుతూ ఉంటుంది.

నెలసరి మొదలయ్యాక అమ్మాయిలు సగటున ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు. మీ పాప 15 ఏళ్లకి 157 దగ్గరికి వస్తుందనుకుందాం. ఆ వయసులో అధిక బరువు గీత 23.5. అంటే 157 సెంటీమీటర్ల ఎత్తుకి దాదాపు 58 కిలోలు. కాబట్టి రాబోయే రెండేళ్లలో పాప రెండు మూడు కిలోలు పెరిగినా మామూలు పరిధిలోకే వచ్చేస్తుంది. పెద్దవాళ్లకి లేని, పిల్లలకి మాత్రమే ఉన్న వెసులుబాటు ఇది. బరువుని దాదాపు ఉన్నచోట ఉంచి ఎత్తుని పెరగనిస్తే బీఎంఐ దానంతటదే దిగుతుంది. చిన్నవయసు టీనేజర్లలో అధిక బరువుకి, ఊబకాయం లేనంతవరకు, పిల్లల డాక్టర్లు ముందుగా చూసే దారి ఇదే.

ఏదైనా యాప్‌లో వేరే ఫలితం వచ్చిందని కంగారుపడకండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టులు పర్సెంటైల్‌లో చెప్తాయి. 5 నుంచి 85 లోపు మామూలు, 85 నుంచి 95 లోపు అధిక బరువు, 95, ఆపైన ఊబకాయం. 85వ పర్సెంటైల్ అంటే 100కి 85 మార్కులు కాదు, ఆ చార్టు తయారుచేసేటప్పుడు లెక్కలోకి తీసుకున్న అదే వయసు అమ్మాయిల్లో 85 శాతం మంది అంతకంటే తక్కువ బీఎంఐతో ఉన్నారని. రెండు చార్టుల గీతలూ కొద్దిగా తేడాగా ఉంటాయి. ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే వాడండి.

బీఎంఐకి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఈ సూత్రం 1830లలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే సగటు మనిషి కొలతల్ని అధ్యయనం చేస్తున్నప్పుడు పుట్టింది. ఒక మనిషికి జబ్బుందా లేదా చెప్పడానికి పుట్టలేదు. కొవ్వు ఎంత, కండ ఎంత, ఎముక ఎంత అన్నది దానికి తెలీదు. ఈత కొట్టే పిల్లకీ, కుర్చీలోంచి లేవని పిల్లకీ ఒకే అంకె రావచ్చు. అందుకే ఒక్కరోజు తీసిన అంకె కంటే రెండు మూడేళ్లలో చార్టు మీద పిల్ల కొలతల గీత ఎటు నడిచింది అన్నదే డాక్టర్లు ఎక్కువగా చూస్తారు. ఎనిమిదేళ్ల వయసు నుంచీ పైగీత పక్కనే నడుస్తూ వచ్చిన పిల్ల సంగతి వేరు, మధ్యలో ఉన్న పిల్ల ఆరు నెలల్లో రెండు గీతలు దాటితే ఆ సంగతి వేరు.

అందుకే పాత కొలతలు వెతకండి. టీకాల కార్డు, స్కూల్ హెల్త్ కార్డు, పాత ప్రిస్క్రిప్షన్‌ల మీద డాక్టర్ గీకిన అంకెలు, ఏదైనా సరే. ఎత్తు కూడా మళ్లీ ఒకసారి కొలవండి, ఇళ్లల్లో కొలిచిన ఎత్తులు చాలాసార్లు తప్పుతాయి. చెప్పులు, సాక్స్ తీయించి, జుట్టు ముడి విప్పించి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనేలా నిలబెట్టండి. గోడకి అడుగున చెక్క అంచు ఉంటే తలుపు చెక్కకి ఆనించి నిలబెట్టండి, లేకపోతే మడమలు ముందుకొస్తాయి. చూపు నేరుగా ముందుకి ఉండాలి, గడ్డం ఎత్తకూడదు. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒక అంచు గోడకి తగిలేలా తలమీద పెట్టి, దాని కింద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అప్పుడు టేపుతో కొలవండి. ఎప్పుడు కొలిచినా ఒకే వేళకి కొలవండి, పొద్దున ఉన్న ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది. 152 అనుకున్నది 154 అయితే బీఎంఐ 22.8కి దిగుతుంది. రెండు సెంటీమీటర్లకే అంత తేడా.

ఏడాదిలో 7 కిలోలు పెరగడం గురించి. మీకది భయంకరంగా కనిపించింది, నాకు అంత అనిపించలేదు. ఎదుగుదల ఉధృతంగా ఉండే ఏడాదిలో అమ్మాయిలు సగటున 8 కిలోలు, అబ్బాయిలు 9 కిలోలు పెరుగుతారు. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం ఈ టీనేజ్ ఏళ్లలోనే చేరుతుంది. అమ్మాయిల్లో మొదట ఎత్తు జోరందుకుంటుంది, కొన్ని నెలల తర్వాత బరువు జోరందుకుంటుంది. తుంటి దగ్గర, తొడల దగ్గర, ఛాతీ దగ్గర కొవ్వు చేరడం ఆ వయసులో శరీరం చేయాల్సిన పనే. నెలసరి క్రమంగా రావడానికి ఆ కొవ్వు కావాలి. ఏడాది క్రితం వేసుకున్న ప్యాంటు పట్టకపోవడం జబ్బు కాదు. కానీ ఆ ప్యాంటులోనే దూరాలని పిల్ల రోజూ ప్రయత్నిస్తుంటే అది మనసుకి జబ్బే తెచ్చిపెడుతుంది. పట్టని బట్టలు అల్మరాలోంచి తీసేసి సరిపోయేవి కొనండి. చిన్న పనే, చాలా తేడా చేస్తుంది.

డైట్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. అమెరికాలోని మిన్నెసోటాలో టీనేజర్లని ఏళ్ల తరబడి గమనించిన ప్రాజెక్ట్ ఈట్ అనే అధ్యయనం ఉంది. డైటింగ్ చేసిన పిల్లలు ఐదేళ్ల తర్వాత, చేయని పిల్లల కంటే ఎక్కువగా అధిక బరువు బారిన పడ్డారు. కడుపు మాడ్చుకోవడం, ఒక్కసారిగా విపరీతంగా తినేయడం, తిన్నది కక్కేయడం లాంటివి కూడా వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్తుంది. టీనేజర్లని డైటింగ్ చేయనివ్వద్దు, భోజనం మాననివ్వద్దు, మాత్రలు వాడనివ్వద్దు, ఇంట్లో బరువు గురించిన మాటలు వద్దు, అందరూ కలిసి తినండి. బరువు ఎక్కువున్న పిల్లలకీ, తిండి మానేస్తున్న పిల్లలకీ ఒకే సలహా అన్నమాట. ఆ రెండూ ఒకే పిల్లలో ఉండగలవని చాలామందికి తెలీదు. బొద్దుగా ఉన్న పిల్ల తిండి మానేస్తే ఇంట్లో వాళ్లు లోలోపల సంతోషిస్తారు, ప్రమాదం పెరిగాక గానీ గుర్తించరు. వేగంగా బరువు తగ్గితే, చూడటానికి ఇంకా లావుగానే ఉన్నా, గుండె కొట్టుకునే వేగం పడిపోవచ్చు, నెలసరి ఆగిపోవచ్చు. పైగా పెద్దయ్యాక ఉండే ఎముక బలంలో చాలా భాగం ఈ కొద్ది ఏళ్లలోనే చేరుతుంది. ఇప్పుడు పోగొట్టుకుంటే తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం.

రాత్రి భోజనం మానేసిన పిల్ల నిజానికి ఏం చేస్తుందో గమనించండి. ఎనిమిదింటికి ఆకలి లేదంటుంది. పదిన్నరకి వంటగదిలో డబ్బా మూత చప్పుడవుతుంది. బిస్కెట్లో చిప్సో, ఏదో ఒకటి నిలబడే తినేస్తుంది, తిన్నాక తనమీద తనకే కోపం వస్తుంది, పొద్దున టిఫిన్ మానేస్తుంది. మధ్యాహ్నానికి తల తిరుగుతుంది. సాయంత్రం స్కూల్ నుంచి రాగానే ఎదురుగా ఏదుంటే అది తింటుంది. ఆ రోజు మొత్తం లెక్కేస్తే మూడు పూటలా కూర్చుని తిన్నదానికంటే ఎక్కువే అయ్యుంటుంది. మనోబలం లేక కాదు, ఎదిగే ఒంట్లో ఆకలి అలాగే పనిచేస్తుంది.

కాబట్టి మొదటి పని ఏం తినాలన్నది కాదు, ఎప్పుడు తినాలన్నది. మూడు పూటలా భోజనం, స్కూల్ నుంచి వచ్చాక ఒక స్నాక్, ఇవి రోజూ దాదాపు ఒకే వేళకి ఉండాలి. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి ఒకటుంది, నేను అందరికీ అదే చెప్తాను. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దవాళ్ల బాధ్యత. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల ఇష్టం. వినడానికి సులువుగా ఉంటుంది, చేయడం మాత్రం కష్టం. రెండోసారి వడ్డించుకునేటప్పుడు “ఇంకానా” అనకుండా ఉండగలగాలి. తక్కువ తిన్నప్పుడు “ఇంకొంచెం” అనకుండా ఉండగలగాలి. కనుబొమ్మ ఎగరేసినా లెక్కే.

కంచంలో సగం కూరగాయలు, పండ్లు, పావు భాగం ధాన్యం, ఇంకో పావు పప్పు, గుడ్డు, చేప, మాంసం లాంటి ప్రోటీన్ ఉంటే చాలు. కాల్షియం విషయంలో మాత్రం కాస్త పట్టుదలగా ఉండండి. 9 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 1300 మిల్లీగ్రాములు కావాలని అమెరికా ప్రమాణాలు చెప్తాయి, ఒక కప్పు పాలల్లో దాదాపు 300 ఉంటుంది. లావవుతానని పాలు, పెరుగు మానేసిన అమ్మాయిలకి ఈ లోటు తప్పదు. నెలసరి మొదలైంది కాబట్టి ఐరన్ కూడా ఎక్కువ కావాలి. నీరసంగా, పాలిపోయినట్టు ఉంటే రక్తపరీక్ష చేయించండి.

ఇంట్లో ఒక్కటే మార్చగలం అంటే, తియ్యటి డ్రింకులు మార్చండి. ఒక 330 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింక్ క్యాన్‌లో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. కలిపిన చక్కెరలు రోజు మొత్తం శక్తిలో 10 శాతం మించకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2000 కేలరీలు తినే మనిషికి 10 శాతమంటే 50 గ్రాములు. పండ్ల రసం ఆరోగ్యకరం కదా అంటారు, పీచు పోయాక అందులో మిగిలేది కూడా ఎక్కువగా చక్కెరే, ఆ లెక్కలోకే వస్తుంది. పండు పండులాగే తిననివ్వండి. తాగిన తీపికి కడుపు నిండినట్టు అనిపించదు, అందుకే దాన్ని తగ్గిస్తే ఆకలి పెరగదు, పిల్లకి ఏదో లాక్కున్నట్టూ ఉండదు. కాకపోతే ఇంట్లో అందరికీ ఒకటే రూల్. పాప గ్లాసులో నీళ్లు, తమ్ముడి గ్లాసులో కూల్‌డ్రింక్ ఉంటే అది శిక్షే.

ఇక నిద్ర. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు, నేను మాత్రం వ్యాయామం కంటే ముందు దీని గురించే అడుగుతాను. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఎదిగే వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే పదింటికి వాళ్లకి నిజంగానే నిద్ర రాదు, బద్ధకం కాదు, నటన కాదు. స్కూల్ మాత్రం పొద్దున్నే మొదలవుతుంది. మధ్యలో నష్టపోయేది నిద్ర. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, మనసు తీపి మీదకీ వేపుళ్ల మీదకీ పోతుంది. ఫోన్ చార్జర్ పాప గదిలోంచి తీసి హాల్లో పెట్టండి. మీ ఫోన్ చార్జర్ కూడా అక్కడే పెట్టండి, లేకపోతే ఈ రూల్ మూడు రోజులు కూడా నిలవదు.

కదలిక విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది ఇది. వారం మొత్తం మీద రోజుకి సగటున 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా, అందులో వారానికి మూడు రోజులైనా ఎముకలకీ కండరాలకీ పని పెట్టేవి ఉండాలి. గంట ఒకేసారి చేయక్కర్లేదు. తాడాట, పరుగు, బంతి ఆటలు, డాన్స్, మెట్లెక్కడం, సైకిల్ అన్నీ లెక్కే. నేర్పేవాళ్లు పక్కన ఉంటే ఈ వయసులో తేలికపాటి బరువులు ఎత్తడం కూడా ఫర్వాలేదు, దానివల్ల ఎత్తు ఆగిపోదు. నెలసరి మొదలయ్యాక చాలామంది అమ్మాయిలు ఆటలు ఉన్నట్టుండి మానేస్తారు. అడిగితే ఇష్టం లేదంటారు. అసలు కారణం ఛాతీ కదులుతోందన్న ఇబ్బంది, మరక పడుతుందన్న భయం, ఆ బిగుతు యూనిఫాం. మంచి స్పోర్ట్స్ బ్రా, ముదురు రంగు వదులు ప్యాంటు, బ్యాగులో అదనపు ప్యాడ్లు ఉంటే సగం మంది మళ్లీ గ్రౌండ్‌లోకి వస్తారు. అంతేగానీ “తిన్నావు కాబట్టి పరిగెత్తు” అని మాత్రం అనకండి. ఆ మాటతో వ్యాయామం శిక్ష అయిపోతుంది, తిండి నేరం అయిపోతుంది.

మాట గురించి ఇంకాస్త చెప్పాలి, ఈ వయసు పిల్లల విషయంలో ఎక్కువగా పాడయ్యేది మాటలతోనే. వెయింగ్ మెషిన్ ఎక్కిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లు ముందు అంకె వైపు చూడరు, అమ్మ ముఖం వైపు చూస్తారు. అమ్మ పెదవి కాస్త బిగిసినా వాళ్లకి తెలిసిపోతుంది. అందుకే నా దగ్గర పిల్లల్ని అంకెకి వీపు పెట్టి నిలబెడతాను, రాసుకుంటాను, పైకి చదవను. ఇంట్లో ఆ మెషిన్ ఉంటే తీసి అటక మీద పెట్టండి. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కిలో దాకా ఎక్కువ చూపిస్తుంది, రోజూ ఎక్కే పిల్ల దాన్ని కొవ్వు అనుకుని ఆ పూట మానేస్తుంది.

“నువ్వు లావు కాదమ్మా, ముద్దుగా ఉన్నావు” అని సముదాయిస్తే పాప నమ్మదు. క్లాసులో విన్నది దానికి గుర్తుంది. ముందు విషయం అడగండి. “ఎవరేమన్నారు? ఎప్పట్నుంచి? నువ్వేమన్నావు?” అంతా చెప్పేదాకా సలహా ఇవ్వకండి. ఆ తర్వాత ఇలా చెప్పొచ్చు. “వాళ్లు అలా అనడం తప్పు, దాని సంగతి మీ టీచర్‌తో నేను మాట్లాడతాను. నీ ఒళ్లు ఇప్పుడు ఎదుగుతోంది, ఎత్తు ఇంకా పెరుగుతావు. భోజనం మానేస్తే ఆ ఎదుగుదలకే దెబ్బ. మనింట్లో అందరం కొన్ని అలవాట్లు మార్చుకుందాం, నీ ఒక్కదానికే కాదు.” ఎగతాళి చేసేవాళ్లు బంధువులైతే ఇంకా కష్టం. వాళ్లకి పాప ఎదురుగానే చెప్పండి, మా ఇంట్లో పిల్లల ఒళ్లు గురించి మాట్లాడుకోం అని. మీరు మీ గురించి అద్దం ముందు అనుకునేవి కూడా పాప వింటోందని గుర్తుపెట్టుకోండి.

థైరాయిడ్ సంగతి. హార్మోన్ సమస్యతో బరువు పెరిగే పిల్లల్లో చాలావరకు ఎత్తు పెరగడం కూడా మందగిస్తుంది. బరువుతో పాటు ఎత్తూ బాగా పెరుగుతుంటే థైరాయిడ్ కారణం అయ్యే అవకాశం తక్కువ. అందుకే పోయిన ఏడాది పాప ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో వెతకమన్నాను. ఎత్తు ఆగిపోయి బరువొక్కటే పెరుగుతుంటే, చలి తట్టుకోలేకపోతుంటే, మలబద్ధకం, విపరీతమైన మందకొడితనం ఉంటే పరీక్ష చేయించాల్సిందే. స్టెరాయిడ్లు, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

మెడ వెనకా చంకల్లోనూ చర్మం నల్లగా, వెల్వెట్‌లాగా మందంగా ఉందేమో చూడండి. చాలామంది మురికి అనుకుని పీచుతో రుద్దుతారు. అది రుద్దితే పోదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి గుర్తు కావచ్చు, షుగర్ పరీక్ష అవసరం. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగినట్టు అవడం, అతిదాహంతో మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, తరచుగా తలనొప్పి ఉన్నా చూపించండి. తుంటిలోగానీ మోకాల్లోగానీ నొప్పితో కుంటుతుంటే ఆలస్యం చేయకండి, బరువు ఎక్కువున్న టీనేజర్లలో తుంటి దగ్గర ఎముక జారే సమస్య ఒకటి ఉంటుంది, దాని నొప్పి మోకాల్లో తెలియొచ్చు.

తిండి మానేయడం వైపు నుంచి చూడాల్సినవి వేరే ఉన్నాయి. తినగానే బాత్రూంకి వెళ్లి నీళ్లు వదిలి చాలాసేపు ఉండటం, టిఫిన్ బాక్స్ ఖాళీగా వచ్చినా పాప నీరసంగా ఉండటం, వంట చేసి అందరికీ పెట్టి తను తినకపోవడం, అర్ధరాత్రి రహస్యంగా వ్యాయామం, కళ్లు తిరిగి పడిపోవడం, వారాల్లోనే గబగబా బరువు దిగిపోవడం. మొదటి ఏడాది రెండేళ్లు నెలసరి అటూ ఇటూ అవుతుంది, దానికి కంగారు వద్దు. మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం చూపించాలి. ఇంకో వారం పది రోజులు కూర్చుని మాట్లాడినా రాత్రి భోజనం మొదలుపెట్టకపోతే వీటిలో ఏదీ కనిపించకపోయినా డాక్టర్‌ని కలవండి, అవసరమైతే కౌన్సెలర్‌ని కూడా.

బరువు తగ్గే పొడులు, టీలు, మాత్రలు ఏవీ ఇంట్లోకి రానివ్వకండి. ఊబకాయం తీవ్రంగా ఉన్న 12 ఏళ్లు దాటిన పిల్లలకి డాక్టర్లు ఇచ్చే మందులు వేరే ఉన్నాయి, మీ పాపకి వాటితో పని లేదు. అబ్బాయిలున్న ఇళ్లల్లో సమస్య తిరగేసి ఉంటుంది, సన్నగా ఉన్నానని ప్రోటీన్ పౌడర్ అడుగుతారు. అబ్బాయిల్లో ఎదుగుదల జోరు అమ్మాయిల కంటే దాదాపు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. కండ ఆ తర్వాత గానీ పట్టదు. తిండి, నిద్ర, ఆట, కాస్త ఓపిక చాలు.

మీరు ఈ వారంలో చేయాల్సినవి మూడే. రాత్రి భోజనానికి ఇంట్లో ఎవరూ ఫోన్ పట్టుకోకుండా అందరూ కలిసి కూర్చోండి, పాప తినకపోయినా కూర్చోమనండి, ఏమీ అనకండి. కూల్‌డ్రింకులు, జ్యూస్ డబ్బాలు కొనడం ఆపండి. పాత ఎత్తులు, బరువులు తేదీలతో ఒక కాగితం మీద రాసి పిల్లల డాక్టర్‌ అపాయింట్‌మెంట్ తీసుకోండి. అక్కడికి వెళ్లే ముందే ఫోన్ చేసి, బరువు అంకెల గురించి పాప బయట కూర్చున్నప్పుడు మీతో విడిగా మాట్లాడమని, పాపతో కూడా మీరు లేకుండా కాసేపు మాట్లాడమని అడగండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి ఎత్తు, బరువు చూస్తే సరిపోతుంది. బరువు 54, 55 దగ్గరే ఉండి ఎత్తు ఒక సెంటీమీటరు పెరిగినా దారి సరిగ్గానే ఉన్నట్టు. రెండుసార్లు చూసినా ఎత్తు కదలకుండా బరువే పెరుగుతుంటే అప్పుడు ఆ కాగితంతో మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.